పట్టేసిన అవుట్‌బోర్డ్ ఇంజిన్ రీబిల్డ్: విప్పడం నుంచి రన్-ఇన్ దాకా

పడవ వెనక బిగించే అవుట్‌బోర్డ్ ఇంజిన్ పట్టేసిందనగానే చాలామంది నేరుగా స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లి పిస్టన్ కిట్ తెచ్చేస్తారు. కొత్త పిస్టన్, కొత్త రింగులు, కొత్త గాస్కెట్లు వేసి బిగిస్తారు. తాడు లాగగానే స్టార్ట్ అవుతుంది, హమ్మయ్య అనుకుంటారు. నెల తిరక్కుండా నడిసముద్రంలో మళ్లీ పట్టేస్తుంది. పాత పిస్టన్‌ను కాల్చిన కారణం ఇంజిన్‌లోనే ఉండిపోయింది కదా, అది కొత్త పిస్టన్‌నూ వదలదు. అందుకే ఇక్కడ బిగించడం కంటే విప్పి చూడటానికే ఎక్కువ చోటిచ్చాను.

ఉదాహరణగా తీసుకున్నది రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్, 9.9 నుంచి 15 హార్స్‌పవర్ తరగతి. యమహా 15 లాంటిది అనుకోండి: బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 56 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 50 మి.మీ., మొత్తం 246 సీసీ. వేరే కంపెనీ ఇంజిన్ అయినా పని వరస దాదాపు ఇదే. అంకెలు మాత్రం మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. నేను చెప్పినదానికీ అందులో ఉన్నదానికీ తేడా వస్తే మాన్యువల్ మాటే వినండి. ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ల సంగతి వేరు, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

నీళ్లలో మునిగిన ఇంజిన్ అయితే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పటిలాంటి తుపానులో పడవలు బోల్తా కొట్టి మోటార్లు నీళ్లపాలవుతాయి. తుపాను లేకపోయినా, బిగింపు స్క్రూలు వదులై మోటారు వెనక నుంచి జారిపోవడం కొత్తేమీ కాదు.

పైకి తీయగానే ఎండలో ఆరబెట్టాలని అందరికీ అనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయొద్దు. నీళ్లలో ఉన్నంతసేపు లోపలి ఇనుముకు గాలి అంతగా తగలదు. పైకొచ్చాక ఉప్పు, తడి, గాలి మూడూ కలిసి కొన్ని గంటల్లోనే బేరింగుల మీద తుప్పు మొదలుపెడతాయి. వెంటనే పనిలోకి దిగే వీలు లేకపోతే పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు నింపి ఇంజిన్‌ను అందులోనే ముంచి ఉంచండి. వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఒకట్రెండు రోజులు ఆగాల్సి వస్తే అంతకంటే మంచి దారి లేదు.

వెంటనే చేయగలిగితే పై కవర్ తీసి మంచినీళ్లతో బాగా కడగండి. ప్లగ్గులు రెండూ విప్పి, ప్లగ్గు రంధ్రాలు నేలవైపు ఉండేలా ఇంజిన్‌ను పడుకోబెట్టి, తాడు మెల్లగా లాగుతూ నీళ్లు కక్కించండి. ఎక్కడైనా అడ్డు తగిలితే బలవంతం వద్దు. నడుస్తుండగా మునిగిన ఇంజిన్‌లో సిలిండర్‌లోకి చేరిన నీళ్లు గాలిలా నొక్కుకుపోవు. ఆ దెబ్బకు కనెక్టింగ్ రాడ్ వంగిపోయి ఉండొచ్చు. ఇసుక చేరిందంటే తిప్పిన ప్రతిసారీ బోరు గీసుకుపోతుంది. ఈ రెండింటిలో ఏ అనుమానం ఉన్నా తాడు వదిలేసి పానాలు పట్టుకోవాల్సిందే.

అలాంటిదేమీ లేకపోతే కార్బొరేటర్ ఖాళీ చేసి, పాత పెట్రోలు పారబోసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు టూ-స్ట్రోక్ ఆయిల్ పోసి, అదే రోజు స్టార్ట్ చేయండి. కనీసం అరగంట నడిస్తే ఆ వేడికి లోపలి తడి పోతుంది. స్టార్ట్ అయింది కదా అని రెండు నిమిషాలకే ఆపేస్తే చేసిందంతా దండగ.

విప్పే ముందు ఒక కొలత

ఇంజిన్ ఇంకా తిరుగుతూ ఉంటే కంప్రెషన్ చూడండి. రెండు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ పెట్టి నాలుగైదుసార్లు గట్టిగా తాడు లాగాలి. కిల్ స్విచ్ క్లిప్ తీసేసి ఉంచండి, ప్లగ్ వైర్లను బాడీకి ఎర్త్ చేయండి. లేకపోతే ప్లగ్గులకు నిప్పురవ్వ పంపే సీడీఐ యూనిట్ దెబ్బతినొచ్చు. ఈ తరగతిలో మంచి ఇంజిన్లు చాలావరకు 100 పీఎస్‌ఐ దాటి చూపిస్తాయి. అయితే అసలు అంకె కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది 15 శాతం దాటితే విప్పాలి.

కొన్ని ఇంజిన్లను రీబిల్డ్ చేయకపోవడమే మంచిది. కనెక్టింగ్ రాడ్ తెగి క్రాంక్‌కేస్‌కు బొక్క పడినా, నీళ్లు పారే దారుల్లో అల్యూమినియం తినేసి సిలిండర్ గోడ దాకా వచ్చినా కొత్త కిట్ మీద డబ్బు పెట్టొద్దు. బాగున్న పాత పవర్‌హెడ్ (సిలిండర్లు, క్రాంక్ ఉండే పై భాగం మొత్తం) దొరికితే అది తెచ్చుకోవడం నయం.

విప్పడం: తొందర పడితే బోల్టు విరుగుతుంది

ముందు ఫొటోలు. ప్రతి వైరు, ప్రతి పైపు, ప్రతి లింకేజీ ఎటు నుంచి ఎటు వెళ్తోందో ఫోన్‌లో తీసి పెట్టుకోండి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పడేయకుండా, ఒక అట్టముక్క మీద ఆ భాగం బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో ఆ చోటే గుచ్చి పెట్టండి. ఒకే మందం బోల్టుల్లోనూ పొడవు తేడా ఉంటుంది. పొడవైనది పొట్టిదాని చోట బిగిస్తే అవతలి గోడ పగులుతుంది.

కింది గేరు భాగాన్ని ముందు దించండి. గేరు మార్చే కడ్డీ లింకు విప్పకుండా లాగితే అది వంగుతుంది. తర్వాత పై నుంచి స్టార్టర్, ఫ్లైవీల్. ఫ్లైవీల్‌కు పుల్లర్ తప్పనిసరి. సుత్తితో అంచుల మీద కొడితే లోపలి అయస్కాంతాలు ఊడతాయి, క్రాంక్ చివర దెబ్బతింటుంది. కింద ఉండే చిన్న అర్ధచంద్రాకారపు కీ జాగ్రత్త, అది పోతే టైమింగ్ పోయినట్టే.

సైలెన్సర్ వైపు కవరు, సిలిండర్ హెడ్ బోల్టులే అసలు పరీక్ష. ఉప్పునీటిలో ఏళ్లు గడిపిన 6 మి.మీ. బోల్టు అల్యూమినియంతో కలిసిపోయి ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు బోల్టు తల మీద చిన్న సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలు వేసి, ముందు ఒక వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత విప్పండి. కదలకపోతే బోల్టును కాకుండా దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయండి. పెట్రోలు పైపులు, ట్యాంకు దూరంగా తీసేశాకే మంట దగ్గరికి రావాలి. పాన మీద బలం పెరిగేకొద్దీ బోల్టు గట్టిగా కాకుండా మెత్తగా, సాగుతున్నట్టు అనిపించిందంటే అది మెలి తిరుగుతోంది. అక్కడే ఆపి మళ్లీ వేడి చేయాలి. విరిగినవాటిని మీరే డ్రిల్ చేయకుండా లేత్ షాపుకిస్తే సరిగ్గా మధ్యలో డ్రిల్ చేసి హెలికాయిల్ (కొత్త మరలనిచ్చే తీగచుట్ట) వేసిస్తారు.

క్రాంక్‌కేస్ రెండు భాగాలు విడదీసేటప్పుడు అతుకులో స్క్రూడ్రైవర్ దూర్చకండి. దాన్ని ఎత్తడానికి పక్కల ప్రత్యేకంగా చోట్లు ఉంటాయి, అక్కడే ఎత్తాలి. ఈ అతుకుకు గాస్కెట్ ఉండదు. ఒక్క గీత పడినా గాలి లీకే.

పిస్టన్ మీద ఏం రాసి ఉంది

ఇప్పుడు పానాలు పక్కన పెట్టి, పిస్టన్లు వెలుతురులో పెట్టుకుని చూడండి. ఏది పై సిలిండర్‌దో ఏది కిందిదో మార్కర్‌తో రాయడం మరవొద్దు, లేకపోతే ఈ పరిశీలన అంతా వృథా.

గీతలు పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల సమానంగా పడితే, చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన వెంటనే ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఉంటారు. పిస్టన్ ముందే వేడెక్కి ఉబ్బింది, నీళ్లు తగులుతున్న సిలిండర్ ఇంకా ఉబ్బలేదు. గీతలు ఒక్క ఎగ్జాస్ట్ వైపే లోతుగా పడితే అతివేడి, లేదా పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమం. పిస్టన్ అంతా పొడిగా, మసిబారి, రెండు సిలిండర్లలోనూ ఒకేలా గీసుకుపోయి ఉంటే ఆయిల్ కలపడం మర్చిపోయిన ఇంజిన్ అది.

పిస్టన్ తల మీద సన్నగా ఇసుక కొట్టినట్టు గుంటలు పడినా, అంచు కరిగినా, మధ్యలో బొక్క పడినా లోపల డిటొనేషన్ జరిగింది, అంటే మిశ్రమం క్రమంగా కాలకుండా ఒక్కసారిగా పేలింది. నాసిరకం పెట్రోలు, పెట్రోల్ ఇంజిన్‌లో కిరోసిన్ వాడకం, తప్పు ప్లగ్గు, ఇలా కారణం ఏదైనా కావొచ్చు. కిరోసిన్‌తో నడిచే అవుట్‌బోర్డులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటిని తక్కువ కంప్రెషన్‌తో అందుకోసమే తయారుచేస్తారు. వాటిలోనూ పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌కు మార్చి, ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు తేవాలి.

ఒక పిస్టన్ తల నల్లగా, రెండోది కడిగినట్టు తళతళలాడుతూ ఉంటే చూసి మురిసిపోవద్దు. హెడ్ గాస్కెట్ లీకై నీళ్లు లోపలికి వస్తున్నాయి. ఆవిరి ఆ మసిని కడిగేసింది.

ఇక అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న: రెండూ పాడయ్యాయా, ఒక్కటేనా? రెండూ అయితే కారణం రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదే: ఆయిల్, కూలింగ్ నీళ్లు, పెట్రోలు. ఒక్కటే అయితే ఆ సిలిండర్‌కు మాత్రమే చెందినది వెతకాలి. పై సిలిండర్ ఒక్కటే కాలితే ఫ్లైవీల్ కింద ఉన్న పై ఆయిల్ సీల్‌ను ముందు అనుమానించండి. టూ-స్ట్రోక్‌లో క్రాంక్‌కేస్ కూడా మిశ్రమాన్ని పీల్చే పంపే. సీల్ పెదవి అరిగితే అక్కడి నుంచి గాలి దూరి మిశ్రమం పలచనవుతుంది. కింది సిలిండర్ ఒక్కటే అయితే కింది సీలు, దాని రీడ్ వాల్వు (మిశ్రమం వెనక్కి పోకుండా ఆపే పలచని రేకు) చూడండి. సిలిండర్‌కో కార్బొరేటర్ ఉన్న ఇంజిన్ అయితే ఆ వైపు జెట్‌నూ వదలొద్దు. కారణం కాగితం మీద రాసుకున్నాకే షాపుకు బయల్దేరండి.

కొలతలు, లేత్ షాపు

బోరులో గోరు పెట్టి పై నుంచి కిందికి జార్చండి. గీతలో గోరు ఆగితే హోనింగ్‌తో (రాయితో సన్నగా రుద్దడంతో) పోదు, రీబోర్ చేయాలి, అంటే బోరును కాస్త పెద్దది చేయించాలి. గీతలా కనిపించేది ఒక్కోసారి పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియం మాత్రమే అయి ఉంటుంది. ఇనుప లైనర్ అయితే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను దూదిపుల్లతో ఆ మరక మీద మాత్రమే రాస్తే పొంగి కరిగిపోతుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి, గది బయటే చేయాలి. చుట్టూ ఉన్న అల్యూమినియం బ్లాకుకు చుక్క కూడా తగలనివ్వకండి. అయిన వెంటనే నీళ్లతో కడిగి ఆయిల్ పూయండి.

రీబోర్ అయితే ముందు ఓవర్‌సైజ్ పిస్టన్ తెచ్చుకుని, దాన్ని లేత్ షాపులో ఇచ్చి దాని కొలతకే బోరు చేయించండి. సాధారణంగా 0.25, 0.50 మి.మీ. ఓవర్‌సైజులు దొరుకుతాయి. పుస్తకంలో సైజు చూసి బోరు చేసి, తర్వాత పిస్టన్ వెతకడం తలకిందుల పని. బోరు అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు కత్తిలా పదునెక్కుతాయి. వాటిని సన్నగా చాంఫర్ చేయమని, అంటే పదును పోయేలా ఏటవాలుగా రుద్దమని గట్టిగా చెప్పండి. ఆ అంచులకు తగులుకుని కొత్త రింగు మొదటి గంటలోనే విరిగిన ఇంజిన్లు ఉన్నాయి.

రింగు గ్యాప్ మీరే చూసుకోండి. రింగును బోరులో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని దాంతో కొంచెం కిందికి నెట్టండి, అప్పుడు రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్ దూర్చండి. మాన్యువల్ దొరకని పక్షంలో బోరు ప్రతి 25 మి.మీ.కు 0.1 మి.మీ. లెక్కన, 56 మి.మీ. బోరుకు 0.22 మి.మీ. దగ్గర ఉంటే సరిపోతుంది. మరీ తక్కువైతే వేడికి కొసలు ఒకదాన్నొకటి తోసుకుని బోరును చెక్కేస్తాయి. అప్పుడు సన్నని ఆకురాయితో కొసను కొద్దికొద్దిగా, బయటి నుంచి లోపలికి మాత్రమే రుద్దాలి.

క్రాంక్‌ను వి-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో వంపు చూడటం షాపు పని. 0.03 మి.మీ. దాటితే సరిచేయించాలి. బేరింగులు మాత్రం మీరే చూడొచ్చు: కడిగి ఆరాక వేలితో తిప్పితే ఎక్కడా గరుకు తగలకూడదు. రోలర్ల మీద సూదిమొనంత తుప్పు గుంట కనిపించినా మార్చాల్సిందే. మునిగిన ఇంజిన్‌లో ఇది వంద రూపాయల దగ్గర కక్కుర్తి పడే చోటు కాదు.

హోనింగ్ పొడి బోరు గోడల్లో ఇరుక్కుంటుంది, పెట్రోలుతో కడిగితే పోదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షు వాడండి. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండేదాకా కడగాలి, ఆ వెంటనే ఆయిల్ పూయాలి.

బిగింపు

సీళ్లు, గాస్కెట్లు, పిస్టన్ పిన్ క్లిప్పులు అన్నీ కొత్తవే. క్లిప్పు చవకదే, కానీ పాతది ఊడి వస్తే బోరు మొత్తం పోతుంది. పిస్టన్ మీద బాణం గుర్తో, ‘UP’ అన్న ఇంగ్లిష్ అక్షరాలో ఉంటాయి. అవి ఎటు ఉండాలో విప్పేటప్పుడు తీసిన ఫొటోలో చూడండి. రింగు గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు కొసలు దానికి అటూ ఇటూ రావాలి. పిన్ను మీద కొస ఎక్కితే సిలిండర్‌లోకి దించేటప్పుడు రింగు పుటుక్కున విరుగుతుంది.

క్రాంక్‌ను దాని చోట కూర్చోబెట్టేటప్పుడు బేరింగు బయటి రింగు మీద ఉన్న రంధ్రం కేసులోని పిన్నులో పడిందో లేదో చూడండి. పడకుండా బోల్టులు బిగిస్తే కేసు పగులుతుంది. అతుకుకు అనరోబిక్ సీలెంట్ (గాలి తగలని చోట గట్టిపడేది) పల్చగా రాయాలి. ఊళ్లో ఎక్కడైనా దొరికే సిలికాన్ ట్యూబు ఇక్కడ వాడొద్దు. మందంగా నిలబడి బేరింగుల పట్టు మారుస్తుంది, పిసికినది ఊడి లోపల పడుతుంది. బోల్టులు మధ్య నుంచి బయటికి, మొదట సగం టార్క్‌తో, తర్వాత పూర్తి టార్క్‌తో. ప్రతి విడత తర్వాతా క్రాంక్ చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుంటే అక్కడే ఆగి విప్పాలి. బోల్టుల మరలకు మెరైన్ గ్రీజు రాస్తే మరోసారి విప్పేవాడు మిమ్మల్ని తిట్టుకోడు.

నీళ్ల పంపు, గేర్‌కేసు

గేరు భాగం ఎలాగూ దించారు కాబట్టి ఇంపెల్లర్ (నీళ్ల పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం) మార్చేయండి, బాగున్నట్టు కనిపించినా సరే. పాతదానికి ఒక రెక్క లేకపోతే ఆ ముక్క ఎక్కడో నీళ్ల దారిలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకునేదాకా పని అయినట్టు కాదు. కొత్తదాన్ని కప్పులోకి దించేటప్పుడు షాఫ్టును పై నుంచి చూస్తే సవ్యదిశలో తిప్పుతూ దించండి, రెక్కలు సరైన వైపు వాలతాయి. థర్మోస్టాట్‌ను దారం కట్టి వేడినీళ్ల గిన్నెలో వేలాడదీసి తెరుచుకుంటోందో లేదో చూడండి. ఎగ్జాస్ట్ కవరు కింద గడ్డకట్టిన ఉప్పునంతా గీకి కడగండి.

గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వస్తే నీళ్లు చేరాయి. మన తీరంలో దీనికి మామూలు కారణం తంగూసు. ప్రొపెల్లర్ వెనక చుట్టుకుని మెల్లగా సీలును కోసేస్తుంది. సీళ్లు మార్చి, కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే నింపాలి, పై రంధ్రంలోంచి పొంగేదాకా. స్క్రూల వాషర్లు కూడా కొత్తవి వేయండి. గేర్‌కేసును ఉప్పునీళ్లు తినేయకుండా తానే కరిగిపోయే జింక్ ముక్కకు రంగు వేస్తే అది పనిచేయదు.

కరెంటు వైపు పెద్ద పనేమీ ఉండదు. మునిగిన ఇంజిన్ అయితే ప్రతి కనెక్టర్ విప్పి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టాలి. ప్లగ్గు యమహా 15కు ఎన్‌జీకే బీ7హెచ్‌ఎస్-10, గ్యాప్ 1 మి.మీ. కార్బొరేటర్ జెట్లను స్ప్రేతో, గాలితో శుభ్రం చేయండి. తీగ దూర్చితే రంధ్రం పెద్దదై లెక్క తప్పుతుంది.

ఆయిల్, పెట్రోలు, మొదటి గంటలు

ఆయిల్ డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. బైకుల టూటీ ఆయిల్ చవకగా దొరుకుతుంది, కానీ అది గాలితో చల్లబడే వేడి ఇంజిన్ల కోసం. నీళ్లతో చల్లబడే అవుట్‌బోర్డులో దాని బూడిద రింగులకు, ప్లగ్గులకు పట్టేస్తుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగున వేరుగా పేరుకుంటాయి. పాత రబ్బరు పైపులను కూడా మెత్తబరుస్తుంది. కాబట్టి వారాల తరబడి ట్యాంకులో ఉన్న పెట్రోలును కొత్త ఇంజిన్‌కు పోయొద్దు. నీళ్లు వేరుచేసే ఫిల్టరు ఒకటి పెట్టించండి.

మొదటి పది గంటలకు లీటరు పెట్రోలుకు 40 మి.లీ. ఆయిల్ కలపండి. ఆ తర్వాత 50:1 (యాభై వంతుల పెట్రోలుకు ఒక వంతు ఆయిల్) ఇంజిన్ అయితే 20 మి.లీ.

మొదటి స్టార్ట్ నీళ్ల డ్రమ్ములో, ప్రొపెల్లర్ తీసేసి. నీళ్ల పంపు మునిగి, నీటిమట్టం ప్రొపెల్లర్ పైనుండే పలకకు పైన ఉండాలి. నీళ్లు లేకుండా ‘ఒక్కసారి చూద్దాం’ అని తిప్పితే కొత్త ఇంపెల్లర్ సెకన్లలో కాలుతుంది. స్టార్ట్ కాగానే పక్క రంధ్రంలోంచి నీటిధార రావాలి. నిమిషంలోపు రాకపోతే ఆపేయండి. కొత్త గాస్కెట్ల దగ్గర పెట్రోలు వాసన, నీటి తడి ఉన్నాయేమో చూడండి. పొగ మొదట్లో ఎక్కువే వస్తుంది, టెన్షన్ పడక్కర్లేదు.

ఇక రన్-ఇన్, అంటే కొత్త భాగాలు ఒకదానికొకటి కుదురుకునేలా మెల్లగా నడపడం. మొదటి పది నిమిషాలు ఐడిల్. మిగతా గంట సగం థ్రాటిల్ లోపే, అదీ ఒకే వేగంలో కాకుండా మారుస్తూ. రెండో గంటలో మూడు వంతుల దాకా వెళ్లొచ్చు. పది గంటలు నిండేదాకా ఫుల్ థ్రాటిల్ ఐదు నిమిషాలకు మించి వద్దు. ఈ గంటలు ఒడ్డు కనిపించే దూరంలోనే, తెడ్డు, లైఫ్ జాకెట్లు, ఇంకో మనిషి పడవలో ఉండగా నడపండి. వేటకు వెళ్తూ రన్-ఇన్ చేద్దామనుకుంటే వల బరువు, అలల జోరు కలిసి ఇంజిన్‌ను ఫుల్ థ్రాటిల్‌లోకి నెట్టేస్తాయి.

పది గంటలు కాగానే గేర్ ఆయిల్ దించి చూడండి, కంప్రెషన్ మళ్లీ కొలిచి రాసి పెట్టుకోండి. ప్లగ్గులు రెండూ తీసి పక్కపక్కన పెట్టండి. ఇటుక రంగు, గోధుమ రంగు మధ్యలో రెండూ ఒకేలా ఉంటే ఇంజిన్ సరిగా కూర్చుంది. ఒకటి తెల్లగా పాలిపోయి ఉంటే ఆ సిలిండర్ పలచని మిశ్రమంతో నడుస్తోంది. పడవ ఎక్కే ముందే ఆ వైపు సీలు, జెట్టు మళ్లీ చూడండి.